వేపచెట్టుకు మోటరెక్కడ?

ఉగాది వెళ్లి వారమైంది. గోపన్‌పల్లి నుంచి తెల్లాపూర్ పోయే దారిలో ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందు ట్యాంకర్ ఆగి ఉంది. దాని పైపు సంపులోకి దిగి ఉంది, డ్రైవర్ ఫోన్ చూసుకుంటున్నాడు. గేటు పక్కనే ఒక వేపచెట్టు. అపార్ట్‌మెంట్ కన్నా వయసులో చాలా పెద్దది. ఫిబ్రవరిలో ఆకంతా రాల్చుకుని ఇప్పుడు రాగి రంగు చిగురు వేసి, పూత పూసి నిలబడింది. చుట్టూ టైల్స్ పరిచినవాళ్లు కాండానికి అరడుగు మట్టి మాత్రం వదిలిపెట్టారు, అదీ దయ తలచి.

ఆ చెట్టు మీదనే గొడవ. బేస్‌మెంట్‌కు రెండో ర్యాంపు కావాలని కమిటీ తీర్మానించింది. ర్యాంపు దారిలో వేప ఉంది. ‘కొట్టేయడం లేదు, వెనక పార్కులోకి మారుస్తున్నాం’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొమ్మలన్నీ కోసి, వేళ్ల చుట్టూ మట్టిముద్ద కట్టి, క్రేన్‌తో లేపి ఇంకోచోట దింపుతారట.

వాదన పెట్టుకున్న ఇద్దరూ కమిటీ మనుషులు కాదు. ఒకాయన ముప్పై ఏళ్లు ఇంటర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరై, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం చేసే కూతురి దగ్గర ఉంటున్న లెక్చరర్. రెండోవాడు ఆయన బామ్మర్ది. లింగంపల్లిలో మోటర్ల షాపు. కాలిన మోటర్లకు వైండింగ్ చేస్తాడు, బోర్లలో సబ్‌మెర్సిబుల్ దింపుతాడు. సంపు నుంచి పైట్యాంకుకు పోయే లైన్లో ఎక్కడో నీళ్లు పోతున్నాయని, మోటరు తిరగాల్సిన దానికన్నా ఎక్కువసేపు తిరుగుతోందని కబురొస్తే చూడటానికి వచ్చాడు. వచ్చినవాడు లీకు వెతకకుండా బావతో చెట్టు గురించి వాదం పెట్టుకున్నాడు.

“మారిస్తే ఏమైతది బావా? వేళ్లు ఉన్నయ్, మట్టి ఉన్నది. రెండు బస్తాల ఎరువెయ్యి, పైపు పెట్టి నీళ్లిడువు. చెట్టు తినేది కిందికెల్లే కదా. పైన కొమ్మలు పోతే ఏంది?”

లెక్చరర్ నవ్వాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు ఇదే మాట అని ఉంటారో.

“చెట్టు కింది నుంచి తింటుందని నీకు ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలె? మన చేవెళ్ల చెల్కల జొన్న వేసినప్పుడు పెంట తోలకపోతే ఏమైతుండె? యూరియా చల్లితే వారంల పచ్చగయ్యేది. గది తిండి కాకపోతే మరేంది?”

“సరే. అత్తమ్మ కట్టెల పొయ్యి గుర్తుందా? మోపెడు కట్టెలు కాలిస్తే పొయ్యిలో ఏం మిగిలేది?”

“బూడిద.”

“ఎంత?”

బామ్మర్ది దోసిలి పట్టి చూపించాడు.

“చెట్టు మట్టి నుంచి తెచ్చుకున్నది దాదాపు ఆ దోసిలెడే. కాల్షియం, పొటాషియం, ఇంకొన్ని ఉప్పులు. నత్రజని ఒకటి పొగలో పోతుందనుకో. మిగిలిన మోపంతా ఎక్కడిది? ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బన్. ఆ కార్బన్ మట్టిది కాదు, గాలిది.”

ఈ లెక్కను చెట్టును కాల్చకుండా, తూకం వేసి చూసినవాడు ఒకడున్నాడు. 17వ శతాబ్దపు బెల్జియం ప్రాంతపు వైద్యుడు వాన్ హెల్మాంట్. తొట్టిలో 200 పౌండ్ల ఎండుమట్టి పోసి, అయిదు పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు వట్టి నీళ్లే పోశాడు. అయిదేళ్లకు చెట్టు 169 పౌండ్ల పైచిలుకు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులు, మన లెక్కలో అరవై గ్రాములకు లోపు. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతి ఉంది. అయితే ఆయన చెప్పిన తీర్పు తప్పు. చెట్టంతా నీళ్ల నుంచే పుట్టిందన్నాడు. ‘గ్యాస్’ అన్న మాటను లోకానికి ఇచ్చింది ఆయనే, కట్టె కాలితే వచ్చే వాయువును గుర్తించిందీ ఆయనే. అయినా తన తొట్టిలోని చెట్టు తిన్నది ఆ వాయువునేనని మాత్రం ఆయనకు తట్టలేదు.

“రెండు ఔన్సులు తింటే తిన్నట్టు కాదా?” అని బామ్మర్ది పట్టుకున్నాడు. “కూరల ఉప్పు కూడా చిటికెడే. ఉప్పు లేకుండ తిను చూద్దాం.”

ఇది గట్టి మాటే. లెక్చరర్ కూడా కాదనలేదు. పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం, దాని చుట్టూ నాలుగు నత్రజనులు ఉంటాయి. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. అది చల్లగానే వరి నల్లబడటం కడుపు నిండినందుకు కాదు, వంటపాత్రలు సమకూరినందుకు. గిన్నెలు లేకపోతే వంట ఆగుతుంది నిజమే. అంతమాత్రాన గిన్నెలను తింటున్నామనం. ఎక్కువ గిన్నెలు కొన్నా ప్రమాదమే. యూరియా మోతాదు మించితే ఆకు మాడుతుంది కదా, ఎందుకన్నది ఆవకాయ పెట్టేవాళ్లకు బాగా తెలుసు. మామిడి ముక్కల మీద ఉప్పు పోస్తే ముక్కలో నీరు బయటికి ఊరి వస్తుంది. వేరు చుట్టూ ఉప్పు ఎక్కువైతే వేరులోని నీరూ అలాగే బయటికి వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో దీనికి తిరగబడ్డ ఏర్పాటు నడుస్తుంది. వేరు తన లోపల ఉప్పులను పోగేసుకుని బయటి నీటిని లోపలికి రప్పించుకుంటుంది. పాఠ్యపుస్తకంలో దాని పేరు ద్రవాభిసరణ. పరీక్షలో రాయడానికి తప్ప ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు.

“అటు చూడు,” అన్నాడు లెక్చరర్, మూడో అంతస్తు వైపు వేలు చూపించి. బాత్‌రూమ్ పైపు గోడలోంచి బయటికొచ్చే చోట రావిమొక్క ఒకటి మొలిచి ఉంది. జానెడు ఆకులు గాలికి ఊగుతున్నాయి. “దాని కింద మట్టి ఎంతుంది? కాస్త దుమ్ము, కాస్త సున్నం. మరి ఏం తిని పెరిగింది?”

“లీకేజీ నీళ్లు తాగి.” మోటర్ల మనిషి కన్ను పైపు మీదనే పడింది.

“నీళ్లు తాగి, గాలి తిని. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల వంతుల్లో నాలుగు వంతులు. అంత పల్చటిదాన్ని ఆకు పట్టుకుని, ఎండతో నీటిని విరగ్గొట్టి, రెంటినీ కలిపి చక్కెర చేస్తుంది. మిగిలిన ఆక్సిజన్ వదిలేస్తుంది. ఆ ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌ది కాదు, నీటిది. 1941లో బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని వాడి రూబెన్, కామెన్ బృందం తేల్చింది. మనం ఇప్పుడు పీల్చేదాంట్లో కొంత ఒకప్పుడు ఏదో ఒక వేరు తాగిన నీరే.”

“అయితే రావిచెట్టు రాత్రి గూడ ఆక్సిజన్ ఇస్తదంట కదా? మా షాపు గ్రూపుల రోజూ వస్తది.”

“వెలుగు లేనిదే నీరు విరగదు. రాత్రి రావిచెట్టు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. బ్రహ్మజెముడు, అనాస లాంటివి రాత్రి తలుపులు తెరిచి కార్బన్ డయాక్సైడ్ దాచుకుంటాయి, వండేది మాత్రం పగలే. నీ గ్రూపుకు ఇది పంపకు, నిన్ను తీసేస్తారు.”

ఇక్కడిదాకా బామ్మర్ది ఒప్పుకున్నట్టే కనిపించాడు. తిండి పైన తయారవుతుంది, సరే. కానీ నీళ్లు? నీళ్ల దగ్గర ఆయన పెద్దవాడు, బావ చిన్నవాడు.

“బావా, నువ్వు ఏదన్నా చెప్పు గాని నీళ్ల లెక్క నాకు చెప్పకు. పైన మోటరు పెట్టి కింది నీళ్లు గుంజాలంటే ఇరవై అయిదు అడుగులు దాటితే రావు. బావుల కాలంల ఎంతమందిమి చూసినం. నీళ్లు ఇంకాలె, మోటరును బావిల గద్దె కట్టి కిందికి దింపాలె. బోరుల సబ్‌మెర్సిబుల్ అడుగుకెందుకు దింపుతరు? పైనుంచి గుంజితే రాదు, కిందికెల్లి తోలాలె. ఈ వేప నలభై అడుగులు ఉంటది. తాడిచెట్టు దానికి రెండింతలు. మరి వీటికి మోటరెక్కడ? వేళ్లల్లనే ఉండాలె కదా?”

ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. పైనుంచి గుంజడమంటే నిజానికి గాలి కిందినుంచి నెట్టడమే. వాతావరణపు బరువు సముద్రమట్టం దగ్గర 34 అడుగుల నీటిని మోయగలదు, అంతకుమించి మోయలేదు. సముద్రానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో ఇంకో రెండడుగులు తక్కువే. ఇది తెలిసిన ప్రతివాడికీ చెట్టు ఒక చిక్కుముడి. శాస్త్రవేత్తలూ చాలాకాలం బామ్మర్ది పక్షానే ఉన్నారు. అందులో మన దేశపు మహామహుడు ఒకడున్నాడు. 1923లో జగదీశ్ చంద్ర బోస్ చెట్లలో నీరు ఎక్కే తీరు మీద ఒక పుస్తకమే వేశాడు. కాండం లోపలి జీవకణాలు గుండెలా కొట్టుకుంటూ నీటిని పైకి నెడతాయన్నది ఆయన వాదం.

“గదే! బోసుగారు నా పార్టీ.”

“బోసు గొప్పవాడే, ఈ కేసులో మాత్రం ఓడిపోయాడు. అంతకు ముప్పై ఏళ్ల ముందే జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ అనే ఆయన పెద్ద చెట్టును మొదట్లో కోయించి, విషం కలిపిన నీళ్ల తొట్టిలో నిలబెట్టాడు. విషం ఎక్కినకొద్దీ దారిలోని జీవకణాలన్నీ చచ్చాయి. నీ మోటర్లు కాలిపోయాయనుకో. అయినా నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి. ఆకులు చచ్చాకనే ఆగాయి. మరి మోటరెక్కడున్నట్టు?”

బామ్మర్ది చెట్టు పైకి చూశాడు.

“ఆకుల్నా?”

“దీపం చూశావు కదా. వత్తి కొసన నూనె మండుతుంటే అడుగు నుంచి నూనె దానంతటదే వస్తుంది. ఎవరు తోలుతున్నారు? ఆకు లోపల తడి గోడలున్నాయి. వాటి సందులు ఎంత సన్నమంటే వెంట్రుకను వేలసార్లు చీల్చినంత. ఎండకు అక్కడ నీరు ఆవిరైతే వెనక నీరు ముందుకు జరుగుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు. ఆకు నుంచి వేరు కొసదాకా తెగని నీటి తీగ అది. పైన లాగితే కిందిదాకా కదులుతుంది. 1894లో ఐర్లండ్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు చెప్పారు.”

“కాండంల సన్న పైపులు కాబట్టి నీళ్లు ఎక్కుతయ్ అనుకున్న నేను, బట్టకు తడి ఎక్కినట్టు.”

“ఆ పైపుల వెడల్పుకు నీరు తనంతట తాను ఎక్కేది అడుగు. మిగతా ముప్పై తొమ్మిది అడుగులు ఆకు లాగాల్సిందే. మిట్ట మధ్యాహ్నం ఆ లాగుడు పది వాతావరణాలు దాటుతుంది. నీ కారు టైరులో గాలి రెండు మీద కొంచెం.”

బామ్మర్ది కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న బావ క్లాసులో ముప్పై ఏళ్లలో ఒక్క విద్యార్థీ అడగనిది.

“అంత గట్టిగ గుంజితే ఎయిర్ పట్టదా? మా మోటర్లల్ల సక్షన్ ఎక్కువైతే నీళ్లల్ల బుగ్గలు లేస్తయ్. గవి పేలి ఇంపెల్లర్‌ను తింటయ్. చప్పుడు గూడ ఇనబడ్తది, లోపల గులకరాళ్లు పోసినట్టు.”

పడుతుంది. చెట్టుకూ ఎయిర్ పడుతుంది. ఎండ ముదిరి మట్టిలో నీరు తగ్గితే నీటి తీగలు పటపటా తెగి గొట్టాల్లో బుడగలు చేరుతాయి. ఆ చప్పుడు కూడా వినబడింది. 1966లో మిల్‌బర్న్, జాన్సన్ అనే పరిశోధకులు వాడుతున్న ఆకుకాడలకు చప్పుడు పట్టే పరికరం తగిలించి టక్కుటక్కుమన్న శబ్దాలు లెక్కపెట్టారు. అవి ఏ విదేశీ వృక్షపు ఆకులో కావు, ఆముదం ఆకులు. పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఎండకు తలవంచే అదే ఆముదం. అయితే చెట్టు పైపులైను మోటర్ల షాపు పైపులైను కన్నా తెలివైనది. ఒక గొట్టానికీ పక్క గొట్టానికీ మధ్య సన్నటి పొర ఉంటుంది. నీటిని పోనిస్తుంది, బుడగను ఆపుతుంది. ఒక గొట్టం చెడితే నీరు పక్క గొట్టంలోంచి చుట్టు తిరిగి పోతుంది.

“అన్నిటికీ బైపాస్ పెట్టిండన్నమాట,” అన్నాడు బామ్మర్ది, దేవుడిని మెచ్చుకుంటున్నట్టు. వెంటనే పట్టు విడవకుండా, “కానీ పొద్దుగాల వరి నారు కొసన, చామాకు అంచున బొట్లు నిలబడ్తయ్ చూడు. గవి ఎవరు తోలితే వచ్చినయ్? అప్పుడు ఎండ గూడ ఉండదాయె.”

ఆ మాట ఆయనకు దక్కింది. అందరూ మంచు బొట్లనుకునే వాటిలో చాలా భాగం వేళ్లు రాత్రిపూట నెట్టిన నీరే. వేళ్లలో చిన్న మోటరు ఉంది. నారుకు, చామకు అది చాలుతుంది. ఎండలో నిలబడ్డ వేపచెట్టుకు అది ఏ మూలకూ రాదు.

ఈలోపు ట్యాంకర్ ఖాళీ అయి వెళ్లిపోయింది. ఒక ట్యాంకర్ నీళ్లు ఎన్ని గంటలు వస్తాయో లెక్క వేసుకునే ఊళ్లో, చెట్టు నీటి ఖర్చు చెబితే ఎవరికైనా మండుతుంది. వేరు తాగిన నీటిలో నూటికి 97 పాళ్లకు పైగా ఆకుల నుంచి ఆవిరై పోతుంది.

“ఇంత వేస్టా? మా కస్టమర్ల సొసైటీల అయితే ఫైన్ వేస్తరు.”

“వేస్టు కాదు, టోలు. ఆకు అడుగున సన్న తలుపులుంటాయి, పత్రరంధ్రాలు. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలంటే అవి తెరవాలి. తెరిస్తే నీరు పోతుంది. గాలిలో పదివేలకు నాలుగున్న సరుకు కోసం తలుపు బార్లా తీసిపెట్టక తప్పదు. మీ చేవెళ్ల జొన్న ఇందులో ఆరితేరింది. లోపలే కార్బన్ డయాక్సైడ్‌ను పోగేసుకునే ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది దానికి. తలుపు కొంచెమే తెరిచి పని చేసుకుంటుంది. వరికి ఆ విద్య లేదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1972 నుంచి జొన్న, సజ్జల మీద పనిచేస్తున్నది మెట్ట రైతు కోసమే కదా.”

జొన్న పేరెత్తేసరికి బామ్మర్ది మనసు చేవెళ్లకు పోయింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డుకు అటూ ఇటూ తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. ఆయన చిన్నప్పుడు బస్సు పైన కూర్చుని ఊడలు అందుకున్న దారి. రోడ్డు వెడల్పు విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయినప్పుడు అక్కడా ఇదే పేచీ, ఉన్నచోటే ఉంచాలా, పెకలించి ఇంకోచోట పెట్టాలా అని. గోపన్‌పల్లికి ఇంకా దగ్గరి కథ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గోడ పక్కనే జరిగింది. కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. ఆ వారమంతా ఈ ప్రాంతపు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో చెట్ల గురించి మాట్లాడని మనిషి లేడు. ఆ మాట్లాడినవాళ్లలో కొందరు ఇప్పుడు ర్యాంపు కమిటీలో ఉన్నారని లెక్చరర్ అన్నాడు గాని, అది వాదనలోకి రాదు.

“మర్రిని మార్చితే బతుకుతది బావా. మా ఊళ్ల కొమ్మ నరికి పాతిపెడితే చిగురేసింది.”

“మర్రి, రావి గుణం అది. కొమ్మకే వేళ్లొస్తాయి. ముసలి వేపను మర్రితో పోల్చి పందెం కట్టకు.”

“ముసలి చెట్టుకైనా మందు ఎక్కిస్తే తాగుతది. పిల్లలమర్రికి సెలైన్ పెట్టలేదా?”

పెట్టారు. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి ఏడు వందల ఏళ్లుంటాయంటారు, మూడెకరాలకు పైగా పరుచుకుని ఉంది. చెద పట్టి 2017 డిసెంబర్‌లో ఒక కొమ్మ కూలితే సందర్శకులను ఆపేశారు. ముందు కొమ్మలకు రంధ్రాలు చేసి చెదల మందు పోస్తే అది తిరిగి బయటికి కారిపోయింది. అప్పుడు 2018లో మందును పల్చన చేసి సీసాల్లో పోసి, ఆస్పత్రిలో రోగికి పెట్టినట్టు వందల సెలైన్ సీసాలు వేలాడదీశారు. బొట్టుబొట్టుగా పోతే చెట్టు తీసుకుంది.

“పైన వేలాడదీసిన్రు. అంటే గ్రావిటీ. అంటే ప్రెషర్,” అని బామ్మర్ది.

“ప్రెషర్‌తో పోసినప్పుడే కదా వెనక్కి కక్కింది! చెట్టు దాని వేగాన అది లాక్కుంటుంది, ఆకులు ఎంత అడిగితే అంత. పిల్లలమర్రికి ఆకులున్నాయి కాబట్టి లాగింది. నీ కమిటీవాళ్లు ఆకులన్నీ కోసి సెలైన్ పెడితే లాగేదెవరు?”

ఇక్కడ లెక్చరర్ కొంచెం తొందరపడ్డాడు. ఎందుకంటే చెట్టును మార్చేటప్పుడు కొమ్మలు కోయడం వెనక సరైన లెక్క ఉంది. పెకలించేటప్పుడు వేళ్లలో చాలా భాగం నేలలోనే తెగిపోతుంది. తాగే నోళ్లు తగ్గి, లాగే ఆకులు అన్నే ఉంటే చెట్టు త్వరగా ఎండుతుంది. బామ్మర్ది ఈ సంగతిని మోటర్ల భాషలో చెప్పాడు. “బోరుల ఊట తక్కువున్నప్పుడు పది హార్స్‌పవర్ మోటరు దింపొద్దు. చిన్నది పెట్టాలె. కొమ్మలు కోసుడు గంతే.” బావ ఒప్పుకున్నాడు. కాకపోతే ఆకు ఒక్క మోటరే కాదు, వంటిల్లు కూడా. మోటరు చిన్నది చేస్తే వంటిల్లూ చిన్నదవుతుంది. అప్పుడు చెట్టు దేంతో బతకాలి? కాండంలో, వేళ్లలో దాచుకున్న గంజితో. మార్చి నెలలో ఈ వేప ఆకు ఒక్కటీ లేకుండా చిగురు వేసింది ఆ నిల్వతోనే. అడవిలో మోదుగ ఆకు రాల్చుకుని ఒళ్లంతా పూసేదీ ఆ నిల్వతోనే. ఇప్పుడే చిగురుకూ పూతకూ గాదె ఊడ్చి ఖర్చుపెట్టిన చెట్టును, కొత్త పంట ఇంటికి రాకముందే మళ్లీ మోడు చేయడం గురించే లెక్చరర్ బెంగ.

“దాచుకున్నది వేళ్లకు ఎట్ల పోతది మరి? పైపులన్నీ పైకే పోతయ్ అంటివి.”

“ఇంకో లైను ఉంది. బెరడు కింద. పైకి పోయేది దారువు, కిందికి వచ్చేది పోషక కణజాలం. కల్లు ఎక్కడినుంచి వస్తుందనుకున్నావు?”

ఈ ఉదాహరణకు రుజువు అక్కర్లేదు. గౌడన్న మోకు కట్టుకుని తాడెక్కి, గెల కొసను రోజూ పల్చగా గీసి లొట్టి కడతాడు. కారేది తియ్యటి నీరు. వేళ్లు మట్టిలోంచి తాగిన నీటికి ఆ తీపి ఎక్కడిది? అది ఆకులు వండి, గెలలో కాయల కోసం పంపిన చక్కెర. దారి మధ్యలో మనం కాజేస్తున్నాం. పులిస్తే కల్లు, పులవకముందు నీరా. 1930లో జర్మన్ శాస్త్రవేత్త ముంచ్ ఈ రెండో లైను కథ విప్పాడు. ఆకు దగ్గర చక్కెర పోగైతే పక్క దారువు నుంచి నీరు అటు ఊరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. వేరు దగ్గర, కాయ దగ్గర చక్కెర దించుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కువ నుంచి తక్కువకు సరుకు ప్రవహిస్తుంది, గంటకు మీటరు అటూ ఇటూ వేగంతో.

“అంటే ఇది నా లైను! ఇక్కడ తోలుడే ఉన్నది, గుంజుడు లేదు.”

“ఇది నీ లైనే,” అన్నాడు బావ.

గెలిచిన ఉత్సాహంలో బామ్మర్ది చెట్టు దగ్గరికి నడిచాడు. కాండం మీద ఛాతీ ఎత్తున ఒక జీఐ తీగ చుట్టి ఉంది. ఏ వినాయక చవితికో సీరియల్ లైట్ల కోసం కట్టి ఉంటారు, విప్పడం మరిచిపోయారు. బెరడు దాన్ని సగం మింగింది. ఆయన వేళ్లతో తడిమాడు. తీగకు పైన బెరడు దిండులా ఉబ్బి ఉంది. కింద సన్నబడింది.

మోటర్ల మనిషికి దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పైపులో ఎక్కడ అడ్డం పడినా, సరుకు వచ్చే వైపే ఉబ్బుతుంది.

“బావా, తిండి కిందికెల్లి వస్తుంటే ఉబ్బు తీగ కింద ఉండాలె. ఇది పైన ఉన్నది.”

లెక్చరర్ ఈసారి పాఠం చెప్పలేదు. 1670ల్లో ఇటలీలో మాల్పీగీ బెరడును ఉంగరంలా వలిచి చూసింది ఇదే. పైన ఉబ్బు, కింద ఆకలి. నీటి లైను లోపలి కట్టెలో ఉంటుంది కాబట్టి అది నడుస్తూనే ఉంటుంది, ఆకు పచ్చగానే ఉంటుంది, చూసేవాళ్లకు చెట్టు బాగున్నట్టే కనిపిస్తుంది. వేళ్లు మాత్రం తిండి అందక నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చిక్కిపోతాయి. బోర్డు కనబడటం లేదని చెట్టు బెరడు చుట్టూ గాటుపెట్టి పోయేవాళ్లు ఏమీ చదవకపోయినా ఈ సూత్రం తెలిసినవాళ్లే.

బామ్మర్ది సంచిలోంచి కట్టర్ తీసి తీగను తెంపాడు. బయట ఉన్నంత ఊడివచ్చింది. బెరడులోకి పోయిన ముక్కను లాగబోతే బావ వద్దన్నాడు, లాగితే బెరడు ఇంకా చీలుతుందని.

“దీని వేళ్లు ఎప్పటికెల్లి పస్తులున్నయో. ఇటువంటిదాన్ని ఇప్పుడు లేపితే…” అని ఆగి, వాచ్‌మన్‌ను గడ్డపార తెమ్మన్నాడు. లీకు వెతకాల్సింది ఇంకా మిగిలే ఉంది. సంపు నుంచి లైను వేప పక్క నుంచే పోతుంది. మూడు టైల్స్ లేపాక, కింద కాంక్రీటు పెళ్ల పగలగొడితే తడిమట్టి తగిలింది. పీవీసీ జాయింటు దగ్గర సన్నగా నీరు ఊరుతోంది. దాని చుట్టూ దారపు ఉండలా తెల్లటి పిల్లవేళ్లు, అల్లుకుని, పైపును కౌగిలించుకుని.

“దొంగ ఇక్కడ ఉన్నది,” అన్నాడు బామ్మర్ది. చేతిలో సొల్యూషన్ డబ్బా పట్టుకుని ఆ వేళ్లను కొంతసేపు చూశాడు. సెక్రటరీకి ఫోన్ చేసి, లీకు దొరికిందని, ర్యాంపును నాలుగడుగులు పక్కకు జరిపితే ఈ లైను కదపాల్సిన పని ఉండదని, లేకపోతే ఖర్చు చాలా అవుతుందని చెప్పాడు. ఆ ఖర్చు ఎంతో బావ అడిగితే ఇంకా లెక్క వేయలేదన్నాడు.

“మరి జాయింటు?”

“సామాను తక్కువున్నది బావా. ఎల్లుండి వచ్చి బిగిస్త.”

సొల్యూషన్ డబ్బా మూత బిగించి సంచిలో పెట్టుకున్నాడు.